పదునులో లోడు ట్రాక్టరు

రోడ్డు పనుల దగ్గర మట్టి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. మట్టి ఎంత గట్టిపడితే నాకు అంత నిశ్చింత. మా బావగారిది నల్లరేగడిలో మొక్కజొన్న సేద్యం. గట్టిపడిన నేలంటే ఆయనకు గిట్టదు. అయినా ఇద్దరం వెతికేది ఒకే తేమ. రైతుల మాటలో దాని పేరు పదును.

మా ల్యాబులో 1000 ఘన సెంటీమీటర్ల ఇనుప అచ్చు ఉంటుంది. అందులో మట్టిని ఐదు పొరలుగా వేసి, పొరకు 25 దెబ్బల చొప్పున 4.9 కిలోల సుత్తిని 450 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతాం. తూకం వేసి, ఇంకొన్ని నీళ్లు కలిపి మళ్లీ మొదలు. పొడిమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు, సుత్తి శ్రమ వృథా. కాస్త తడి తగిలితే జారి సర్దుకుంటాయి, మధ్యనున్న గాలి బయటికి పోతుంది, సాంద్రత పెరుగుతుంది. తడి మరీ ఎక్కువైతే ఆ ఖాళీల్లో నీరు నిలుస్తుంది. నీటిని ఏ సుత్తీ నలపలేదు, సాంద్రత పడిపోతుంది. రోలర్ తోలేముందు మేం ట్యాంకరుతో నీళ్లు చల్లించేది ఆ మధ్యలోని తేమ కోసమే. ఈ లెక్కను 1933లో లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగపు ఇంజినీరు రాల్ఫ్ ప్రాక్టర్ మట్టి ఆనకట్టల కోసం ప్రకటించాడు. ఆయన సుత్తి తేలికది. ఈ బరువైన సుత్తి విమానాల రన్‌వేల పుణ్యమా అని తర్వాత వచ్చింది.

సైటులో అనుభవమున్న మేస్త్రీకి సుత్తితో పని లేదు. మట్టిని పిడికిట్లో నొక్కుతాడు. ముద్ద కట్టాలి, అరచేయి తడవకూడదు, వేలితో తడితే ముద్ద విరగాలి. దున్నేముందు బావగారు చేసేదీ అచ్చంగా ఇదే. పదునులో ఉన్న నేల దేనికైనా లొంగుతుంది, నాగలికి విరిగినట్టే చక్రానికి అణుగుతుంది.

కోత ముగిశాక కంకుల లోడుతో ట్రాక్టరు మలుపు తిరిగే మూల దగ్గర గునపంతో తవ్వి చూశాను. పైన జానెడు లోతు గుల్లగా ఉంది, అది పైమట్టిని తిరగేసి పొడిచేసే రోటవేటర్ చలవ. దాని కింద గునపం ఠంగుమంది. పెళ్లలు నున్నగా, మెరుపుతో ఊడివచ్చాయి. పాత మొక్కల వేళ్లు అక్కడిదాకా దిగి, దారి లేక అడ్డంగా తిరిగాయి. ఆ మూల వానకు నీరు నిలిచేదీ, మొక్క పసుపెక్కేదీ అందుకే. రోటవేటర్ రోగాన్ని దాచిపెడుతుందే తప్ప నయం చేయదని నా అభిప్రాయం.

“వేసవిలో నెర్రెలిచ్చి నేలే విప్పుకుంటుందిలే,” అన్నారు బావగారు. రేగడికి ఆ గుణం ఉన్నమాట నిజమే. కానీ లోతున అణిగింది అంత తేలిగ్గా విడిపోదు. టైర్లలో గాలి తగ్గిస్తే పైపొర కొంత బతుకుతుంది, లోతుకు దిగే ఒత్తిడిని మాత్రం ఇరుసు మీది బరువే నిర్ణయిస్తుంది. పైగా నష్టంలో పెద్ద వాటా మొదటిసారి చక్రం వెళ్లినప్పుడే జరిగిపోతుంది. కాబట్టి ఎలాగూ చెడిన జాడలోనే మళ్లీ మళ్లీ తోలడం మేలు, కొత్త జాడ వేయడం కన్నా.

గట్టు వెంబడి లోడు ట్రాక్టరుకు ఒకే బాట వదలమన్నాను. “అంత నేల వృథా చేస్తామా?” అంటున్నారు. ఆ మూల దిగుబడి విడిగా తూయించండి బావగారూ, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఈ పంటకు తూయిస్తానన్నారు.