పెద్ద బండైతే నలభై కొట్టాలా?

"అన్నా, పెద్ద బండి కదా, నలభై కొట్టేయనా?"

సూర్యాపేట దాటాక బంకులో గాలి కుర్రాడు. వాల్వు మూత పళ్ళ మధ్య పెట్టుకునే అడిగాడు. డ్రైవర్ డోర్ తీసి, టైర్లలో గాలి ఎంతుండాలో రాసిన లోపలి స్టిక్కర్ చూపించాను. మామూలుగా 33, నిండా జనం, సామాను ఉంటే వెనక 36. ఈసారి మేం ఇద్దరమే.

"అది కంపెనీవాళ్ళు రాస్తారన్నా" అని నవ్వాడు. మరి ఇంకెవరు రాయాలి తమ్ముడూ!

గేజ్ పెడితే 37. "ఎక్కువుంది, తీసేయనా?" అన్నాడు వెంటనే. వద్దన్నాను. స్టిక్కర్‌లో ఉండేది చల్లటి టైరు లెక్క. హైదరాబాద్ నుంచి ఎండలో పరిగెత్తిన టైరులో నాలుగు పెరగడం మామూలే. ఇప్పుడు దింపితే రేపు పొద్దున 29 చూపిస్తుంది. గాలి తక్కువున్న టైరు నిండు బండితో హైవే ఎక్కితే వేడెక్కి పేలేదాకా వెళ్ళొచ్చు.

మా బావది ఇంకో పద్ధతి. టైరు పక్కన అచ్చేసిన మాక్స్ అంకె చూసి కొట్టిస్తాడు. అది టైరు ఓర్చుకునే హద్దు బావా అంటే వినడు. ఆయన బండి వెనక సీట్లో కూర్చుంటే ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకి తెలుస్తుంది. టైర్లు చూస్తే నడిమి గీతలే అరిగిపోయి, అంచులు కొత్తవాటిలా ఉన్నాయి.

వెళ్ళబోతుంటే గాలికి బదులు నైట్రోజన్ కొట్టనా అని అడిగాడు కుర్రాడు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉందిరా అన్నాను.

రేపు పొద్దున బండి తియ్యకముందే చూడాలి. స్టెప్నీతో సహా.