అక్క కూతురి 290

పొద్దున అయిదున్నరకి అక్క ఫోన్. అక్క ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అప్పుడు సాయంత్రం ఏడు. బాగున్నవా అని కూడా అడగలేదు. "290 అంటనే" అంది, జ్వరం ఎంతుందో చెప్తున్నట్టు.

పాప ఓఏటీ రాసింది. అమెరికాలో ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే చదువు, కాలేజీలో చేరడానికి మామూలుగా రాసే పరీక్ష. స్కోరు 200 నుంచి 400 దాకా ఉంటుంది, 300 నడిమి గీత అనుకోవచ్చు. పాప ఆ గీతకి పది కింద ఆగింది. "ఇప్పుడే ఇట్లుంటే లోపల నాలుగేండ్లు ఏం చదువుతది? వేరే కోర్సు చూసుకొమ్మని చెప్పనా? నువ్వు పిల్లలకు చెప్తవు కదా, నీకు తెలుస్తది" అంది. సాయంత్రం చేస్తానని పెట్టేశాను. కుక్కర్ అప్పటికే మూడో కూత కూస్తోంది.

అక్కకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోవడానికి కారణం మా ఇంటర్న్ కుర్రాడు. దేవరకొండ వైపు పిల్లాడు. నాలుగేళ్ల కిందట, నేను పాఠాలు చెప్పే ఆప్టోమెట్రీ కాలేజీ ఎంట్రన్సులో అతనికి వందకి 38. ఇంటర్వ్యూలో నేనూ కూర్చున్నాను. అతని పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం గుర్తు పెట్టింది నేనే. సీటిచ్చాం. మొదటి ఏడాది జామెట్రికల్ ఆప్టిక్స్‌లో, అంటే కిరణాల, లెన్సుల లెక్కల్లో తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. కాబట్టి ఆ 38 అబద్ధం చెప్పిందని అనను. ముందు ఏది కష్టమవుతుందో సరిగ్గా చెప్పింది.

ఇవాళ ఓపీలో డెబ్బై దాటిన ఒక తాత. మూడో ఏడాది అమ్మాయి చూసి చూపు 6/60 కూడా లేదని, అంటే మంచి కన్ను అరవై మీటర్ల నుంచి చదివేది ఆరు మీటర్ల నుంచి కూడా చదవలేడని రాసి, అద్దాలతో లాభం లేదని ఫైలు పక్కన పెట్టింది. మా ఇంటర్న్ ఆ ఫైలు తీసి, తాత వైపు ఒకసారి చూసి, "తాతా, బడికి పోయినవా?" అని అడిగాడు. తాత నవ్వాడు. "బడెక్కడిది బిడ్డా, బర్లు కాసిన." అక్షరాల చార్టు పెట్టి చదవమంటే ఆయన ఏం చదువుతాడు! చదవలేను అన్నాడు, మేం కనపడట్లేదు అని రాసుకున్నాం. గదిలోకి వస్తూ దారికి అడ్డంగా ఉన్న స్టూలుని చక్కగా తప్పుకొని వచ్చాడని ఆ కుర్రాడు చూశాడు. నేను చూడలేదు, నిజం చెప్పాలంటే.

ఇంగ్లీషు E ఆకారాన్ని నాలుగు వైపులకీ తిప్పి వేసిన గుర్తుల చార్టు పెట్టి, గీతలు ఎటువైపుంటే అటు వేళ్లు చూపించమన్నాడు. తర్వాత కంట్లోకి వెలుగు వేసి పవరు కనిపెట్టే రెటినోస్కోప్ పట్టాడు. శుక్లం మొదలైన కంట్లో వెలుగు మసకగా వస్తుంది, చేయి చాపినంత దూరం నుంచి చూస్తే అది ఎటు కదులుతోందో తెలియదు. వాడు స్టూలు జరుపుకొని తాత ముఖానికి బాగా దగ్గరగా వచ్చాడు. రోజూ చూసే దూరమైతే 67 సెంటీమీటర్లు, వచ్చిన పవరు లెక్కలోంచి ఒకటిన్నర డయాప్టర్ (లెన్సు పవరు కొలత) తీసేస్తాం. 33 సెంటీమీటర్లకి వస్తే మూడు తీసేయాలి. వెనక నిలబడి నేను నోట్లోనే లెక్క వేసుకుంటున్నాను. వాడు అడక్కుండానే మూడు తీశాడు. ఆప్టిక్స్ తప్పిన పిల్లాడు! ఒక మీటరుని మూడు ముక్కలు చేయడం, పుస్తకంలో ఎక్కనిది ఆ స్టూలు మీద ఎక్కినట్టుంది.

చివర్లో "ఇది బాగుందా, అది బాగుందా" అంటే తాత "రెండూ మంచిగనే ఉన్నయి" అని మర్యాదకి అన్నాడు. పెద్దవాళ్లు డాక్టరు మనసు నొప్పించరు. వాడు ప్రశ్న మార్చాడు: "ఏది నల్లగ కనిపిస్తున్నది తాతా?" అద్దాలతో 6/12. తాత కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన చీర అంచు రంగు చెప్పాడు.

ఫైలు పక్కన పెట్టిన అమ్మాయి ఎంట్రన్సు మార్కు ఎంతో నాకు తెలీదు. చూడాలనిపించింది, చూడలేదు.

బస్సులో వస్తూ అక్కకి ఈ కథే చెబుదామనుకున్నాను. సగం దారిలో ఆగిపోయాను. 38 వచ్చి నెగ్గుకొచ్చిన పిల్లాడు రోజూ నా కళ్లముందు తిరుగుతాడు. ఆ రోజు మేం వెనక్కి పంపినవాళ్లు ఒక్కరూ నా కంటపడరు. వాళ్లు చేరి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? మార్కులకీ పనికీ సంబంధమే లేదంటే, జల్లించాక మిగిలిన బియ్యం చూసి జల్లెడెందుకు అన్నట్టే. పైగా చేరి, ఆప్టిక్స్ దగ్గరే ఆగిపోయి, రెండో ఏడాది రాని అమ్మాయి కూడా ఒకతి ఉంది మా రిజిస్టర్‌లో. ఇంటి సమస్యో, చదువో, నేను అడగలేదు. అక్క కూతురికైతే నాలుగేళ్లలోపే లైసెన్సుకి రాసే నేషనల్ బోర్డ్ పరీక్ష మొదటి భాగం వస్తుంది, దాని పేరే అప్లయిడ్ బేసిక్ సైన్స్. అక్కడ చేతి నేర్పు ఆదుకోదు.

అందుకని ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి కథ చెప్పలేదు. "290 కాదు, విడివిడిగా చదువు" అన్నాను. బయాలజీ 300. జనరల్ కెమిస్ట్రీ 310, ఆర్గానిక్ 290. రీడింగ్ 330. లెక్కలు 260, ఫిజిక్స్ 250.

"పొద్దున ఇదే చెప్తే అయిపోయేది కదా" అన్నాను.

"అన్నీ కలిపి సగటు 290యే కదనే!" అంది అక్క.

మళ్లీ రాయొచ్చు కదా అన్నాను. ఫిజిక్స్ ఎవరు చెప్తారంది. పాపనే ఫోన్ తీసుకోమన్నాను. "పిన్నీ, ఐ హేట్ లెన్సెస్" అంది, కళ్లద్దాల డాక్టరు కావాలనుకునే పిల్ల. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

అటకమీంచి నా పాత ఆప్టిక్స్ నోట్సు దించాను. ఒక మూల చెద పట్టింది గానీ కిరణాల బొమ్మలు బాగానే ఉన్నాయి. పన్నెండు పేజీలు ఫోటో తీసి పంపాను. ఏడో పేజీలో లెన్సు సూత్రంలో 1/f ముందు ప్లస్-మైనస్ గుర్తు నేనే తప్పు వేసి ఎర్ర ఇంకుతో కొట్టేసుకున్నాను. అదీ పంపాను. పదకొండైంది, అంట్లు ఇంకా సింకులోనే ఉన్నాయి.