రోజ్ మిల్క్ రంగు గేర్ ఆయిల్: 99 ఫోర్‌రన్నర్ గేర్‌బాక్స్ డైరీ

ఏప్రిల్ చివరి వారం

బండి 1999 టొయోటా ఫోర్‌రన్నర్. 3.4 లీటర్ల వి6 పెట్రోల్ ఇంజిన్, టూ వీల్ డ్రైవ్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. గేర్‌బాక్స్ మోడల్ ఏ340ఈ. మీటర్ మీద 1,98,400 మైళ్లు. డాలస్ వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మొదటి బండి కాబట్టి అమ్మబుద్ధి కాదు. మా ఆవిడ వ్యాన్ గరాజ్‌లో నీడపట్టున ఉంటుంది, ఇది బయట ఎండలో ఉంటుంది. ఇంట్లో దాని హోదా అంతే.

పది రోజులుగా 45 మైళ్ల స్పీడు దగ్గర వణుకు. కంకర రోడ్డు మీద పోతున్నట్టు దడదడమంటుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. ఇంజిన్ మిస్ అవుతోందనుకుని స్పార్క్ ప్లగ్గులు మార్చాను. డబ్బు దండగ.

శనివారం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బా మూత తీస్తే లోపల గులాబీ రంగు తెట్టు. గుండె జారింది. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, లాగాను. ఎర్రగా, అద్దంలా ఉండాల్సిన ఆయిల్ చిక్కగా పాలు కలిపినట్టుంది. మామయ్యగారు వెనకే నిలబడి ఉన్నారు. రాజమండ్రి ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, ఆరు నెలలకని మా ఇంటికి వచ్చారు. వేలి మీద చుక్క వేసుకుని చూసి, "ఇదేంటండీ అల్లుడు గారూ, మా ఊరి రోజ్ మిల్క్‌లా ఉందీ?" అన్నారు.

సంగతి ఇదీ. ఈ బండిలో గేర్ ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ కింది ట్యాంకులోంచి ఒక గొట్టం వెళ్తుంది. బయట కూలెంట్, లోపల ఆయిల్, మధ్యలో పల్చటి లోహం. ఏళ్లు గడిచి అది తూటు పడితే రెండూ కలిసిపోతాయి. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే తిరుగుతాయి. వాటి మీది రాపిడి పొర దాదాపు కాగితంలాంటిది, జిగురుతో అంటించి ఉంటుంది. కూలెంట్‌లోని నీళ్లు, గ్లైకాల్ తగిలితే ఆ పొర వదులవుతుంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి డబ్బా టార్క్ కన్వర్టర్. స్పీడు అందుకున్నాక ఆ రెండింటినీ కలిపి బిగించేది దాని లోపలి లాకప్ క్లచ్. అది జారడమే ఆ వణుకు.

తప్పు నాదే. రేడియేటర్ బండితో పుట్టినదే, ఒక్కసారీ మార్చలేదు. నూట యాభై డాలర్ల వస్తువు.

మే మొదటి వారం

కలిసిన రోజే పట్టుకుంటే ఆయిల్ నాలుగైదు సార్లు మార్చి గట్టెక్కే అవకాశం ఉంటుంది. పది రోజులు నడిపాక ఆ ఆశ లేదు. షాపులో రీబిల్ట్ గేర్‌బాక్స్, కూలీ కలిపి 3,900 డాలర్లు అన్నారు. బండి ఖరీదే అంత ఉండదు.

పాత బండ్ల యార్డులో అదే ఏడు, అదే ఇంజిన్, టూ వీల్ డ్రైవ్ బండి గేర్‌బాక్స్ ఒకటి దొరికింది. 1,41,000 మైళ్లు తిరిగింది, 550 డాలర్లు, తొంభై రోజుల గ్యారంటీ. ఫోర్ వీల్ డ్రైవ్ బండిది తోక భాగం వేరుగా ఉంటుంది, సరిపోదు. అడక్కుండా కొనేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇంటికి తెచ్చాక ముందు ఆయిల్ ప్యాన్ విప్పి చూశాం. లోపల అయస్కాంతాల మీద బూడిద రంగు ముద్ద, వెన్నలా మెత్తగా ఉంది. అది మామూలు అరుగుదల. వేళ్లకి గుచ్చుకునే రవ్వలు ఉంటే వెనక్కి ఇచ్చేసేవాణ్ణి. ఆయిల్ ముదురు ఎరుపు, మాడు వాసన లేదు. ఫిల్టర్, ప్యాన్ గాస్కెట్, ముందు పంపు సీలు, తోక సీలు కొత్తవి వేశాను. ప్యాన్ బోల్టులు చేతి మణికట్టు బలంతో బిగిస్తే చాలు. బలం చూపిస్తే రేకు వంగి కారుతుంది.

మే, రెండో శని, ఆదివారాలు

దించుడు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, నాలుగు జాక్ స్టాండ్ల మీద బండి ఎత్తాం. కాంక్రీటు మీదే పెట్టాలి. ఎండకి మెత్తబడే తారు మీద వద్దు. గేర్‌బాక్స్ జాక్ పక్కింటాయన ఇచ్చాడు, మిగతా పనిముట్లు పార్ట్స్ దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చాను.

ఎగ్జాస్ట్ నట్లకి తుప్పు వదిలే ఆయిల్ రెండు రాత్రులు ముందే కొట్టి ఉంచాను. అయినా రెండు స్టడ్లు విరిగాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు రెండు అంచుల మీదా మార్కర్‌తో గీత గీశాను, తిరిగి అదే కోణంలో కూర్చోడానికి. కన్వర్టర్‌ని ఫ్లెక్స్ ప్లేట్‌కి (ఇంజిన్ వెనక తిరిగే రేకు చక్రం) పట్టి ఉంచే బోల్టులు ఆరు. కింద చిన్న మూత తీసి, ఇంజిన్‌ని క్రాంక్ పుల్లీ దగ్గర చేత్తో తిప్పుకుంటూ ఒక్కొక్కటీ ముందుకు తెచ్చుకోవాలి.

అసలు తిప్పలు బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి అంటుకునే గేర్‌బాక్స్ ముందు భాగం) పైవైపు రెండు బోల్టులవి. పైనుంచి కనపడవు, కింద నుంచి చెయ్యి పట్టదు. వెనక క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని మోసే అడ్డ కమ్మీ) తీసి గేర్‌బాక్స్ తోక కిందికి దించితే ఇంజిన్ వెనక్కి వాలి కాస్త సందు దొరుకుతుంది. అప్పుడు మూడడుగుల పొడవు ఎక్స్‌టెన్షన్లు, చివర మెడ తిరిగే జాయింటు, దాని కొసన 17 మిల్లీమీటర్ల సాకెట్. నేను తోక దగ్గర పడుకుని రాచెట్ పట్టుకున్నాను, మామయ్యగారు ముందు నుంచి టార్చి వేసి "కుడికండీ, ఇంకొంచెం, ఆయ్, కూర్చుంది" అని చెప్తూ సాకెట్‌ని వేళ్లతో బోల్టు మీదికి తోశారు. అప్పటికి గంటన్నర అయింది, బయట 95 డిగ్రీల ఫారిన్‌హీట్.

పాతది కిందికి దిగాక ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "మరి క్లచ్ పెడల్ లేకుండా డ్రైవరుకి తెలిసేదెట్టాగండీ?" అన్నారు. బస్సుల మనిషి.

మే, మూడో వారం

ఎక్కించే ముందు కన్వర్టర్ సంగతి. దాన్ని గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద పెట్టి తిప్పుతూ నెడితే మూడు మెట్లుగా లోపలికి దిగాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, స్టేటర్ పళ్లు, చివర పంపు గాడులు. మొదటి రెండు "టక్"లు సులువుగా వచ్చాయి. మూడోది రాలేదు. దిగింది కదా అనిపిస్తుంది, దిగదు. పావుగంట ఎత్తి, తిప్పి, వదిలి, మళ్లీ తిప్పాక "ధబ్" మని ఇంకో వేలెడంత లోపలికి పోయింది. ఆ మెట్టు దిగకుండా బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది, 550 డాలర్లూ చెత్తకుప్పకి. బెల్ హౌసింగ్ ఇంజిన్‌కి చేత్తో నెట్టితేనే అంటుకోవాలి. అంటుకున్నాక కన్వర్టర్ లోపల స్వేచ్ఛగా తిరగాలి. రెండూ చూసుకున్నాకే పానా పట్టాను. పాత కన్వర్టర్ వాడటం మాత్రం కుదరదు, దాని లోపల మిగిలిన రోజ్ మిల్క్‌ని కడగలేం.

రేడియేటర్ కొత్తది. కానీ గేర్ ఆయిల్‌ని దాని దగ్గరికి మళ్లీ పంపలేదు. ఏసీ కండెన్సర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ బిగించి, 3/8 అంగుళాల కొత్త గొట్టాలతో నేరుగా దానికే కలిపాను. రేడియేటర్‌లోని ఆయిల్ గొట్టం మూతులు మూసేశాను. చలి దేశాల్లో ఆయిల్ వేడెక్కడానికి రేడియేటర్ కావాలంటారు. టెక్సస్‌లో ఆ బెంగ లేదు. ఇనప గొట్టాల్లో మిగిలిన పాత మురికిని కొత్త ఆయిల్ పోసి ఎర్రగా వచ్చేదాకా కడిగాం.

ఆయిల్ డెక్స్‌రాన్-త్రీ రకం, జనరల్ మోటార్స్ లైసెన్సు ఇచ్చే ప్రమాణం. ఆ లైసెన్సు 2006తోనే ముగిసింది కానీ దానికి సరిపడేవి ఇప్పటికీ దొరుకుతాయి. ఖాళీ కన్వర్టర్ చాలా తాగుతుంది. ముందు నాలుగు క్వార్టులు పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే మామయ్యగారు గరాటుతో మిగతాది పోస్తూ వచ్చారు. మొత్తం తొమ్మిదిన్నర క్వార్టులు, అంటే తొమ్మిది లీటర్లు పట్టింది. లెవెల్ చూడటం వేడెక్కాకే: ఇంజిన్ నడుస్తుండగా, బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఒకసారి తిప్పి, పార్క్‌లో పెట్టి, డిప్‌స్టిక్ మీద హాట్ గీతల మధ్య.

మొదటి చుట్టు వీధి చివరిదాకా కూడా పోలేదు. ఓ/డీ (ఓవర్‌డ్రైవ్, అంటే పై గేరు) ఆఫ్ లైటు మిణుకుమిణుకుమంది, బండి పై గేర్లలోకి పోలేదు. నాకు చెమటలు. ఆవిడ గుమ్మంలోంచి "టోయింగ్‌కి ఫోన్ చేయనా?" అంది. మళ్లీ కిందికి దూరితే, సొలెనాయిడ్ (గేర్లు మార్చే కరెంటు కవాటం) కనెక్టర్ సగమే దిగి ఉంది. నేను టేపు అంటించి నంబరు వేసిన కనెక్టరే. టేపు చుట్టు లోపల ఇరుక్కుని క్లిప్పు పడలేదు. టేపు పీకి నొక్కితే లైటు ఆరింది.

జులై

వెయ్యి తొమ్మిది వందల మైళ్లయింది. వణుకు లేదు. 500, 1,500 మైళ్ల దగ్గర డ్రెయిన్ ప్లగ్ తీసి రెండేసి క్వార్టులు మార్చాను. ప్లగ్ తీస్తే అంతే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. రెండు సార్లు తీసినదీ గాజు సీసాల్లో పోసి గరాజ్ కిటికీలో పెట్టాను. రెండోది మొదటిదానికంటే తేటగా ఉంది. ఇకపై 15,000 మైళ్లకోసారి ఇలాగే చేస్తాను, ఇంజిన్ ఆయిల్ మార్చే రోజే. కూలెంట్ కలిసిన పాత ఆయిల్‌ని పార్ట్స్ దుకాణాలు తీసుకోలేదు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పట్టుకెళ్లాల్సి వచ్చింది.

కూలర్‌కి వెళ్లే గొట్టం మీద ఉష్ణోగ్రత మీటరు పెట్టాను. మధ్యాహ్నం ఐ-35 హైవే మీద ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో కదిలితే 185 డిగ్రీల ఫారిన్‌హీట్, ట్రాఫిక్ లేని హైవే మీద 165. ఖర్చు మొత్తం 1,180 డాలర్లు, విరిగిన స్టడ్లతో కలిపి.

నిన్న రాత్రి పడుకోబోయే ముందు బండి కింద అట్టముక్క పరిచాను. పొద్దున చూస్తే తోక సీలు కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. ఎర్రగానే ఉంది, గులాబీ కాదు. వచ్చే శనివారం మళ్లీ జాక్ స్టాండ్లు ఎక్కాలి.