రక్తం కాదు, ఆవకాయ

ఎడమ చేతి కట్టు విప్పి పది రోజులైంది. రెండు చేతులతో టైపు కొట్టగలుగుతున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. మా చుట్టాల్లో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో కారు కాస్తా లారీ అయిపోయింది.

మే నెల, ఆదివారం, మిట్టమధ్యాహ్నం. గన్నవరంలో మా అక్క ఈ ఏడు ఆవకాయలో నా వంతు ఐదు కిలోల డబ్బాకి ఎత్తి ఇచ్చింది. "నూనె పైకి తేలింది, మెల్లగా పోరా" అంది. డబ్బాని బైకు వెనక సీటు మీద పెట్టి సైకిలు ట్యూబుతో బిగించి కట్టాను. ఎనికేపాడు దాటాను, ప్రసాదంపాడు వచ్చింది. విజయవాడ దగ్గరి రామవరప్పాడు రింగు ఇంకా కాస్త దూరంలో ఉందనగా ముందున్న ఆటోవాడు ఎవరో చెయ్యెత్తారని ఉన్నపళంగా ఎడమకి కోసి ఆపేశాడు. నేను బ్రేకు తొక్కాను. ఆగింది కూడా. ఆటోకీ నాకూ మధ్య జానెడు మిగిలిందని ఊపిరి పీల్చుకునేలోపు నా వెనక ఓ కారు టైర్లు కీచుమన్నాయి.

బండి నన్ను వదిలేసి ముందుకెళ్ళి ఆటోని గుద్దింది. నేను వెనక్కి, కారు బోనెట్టు మీద కుర్చీలో కూర్చున్నట్టు కూలబడ్డాను. హెల్మెట్టు వెనక భాగం అద్దానికి టప్‌మని తగిలింది. పక్కకి జారి, ఎడమ చెయ్యి ఆనించి రోడ్డు మీద పడ్డాను. అద్దం పగల్లేదు, నా తలా పగల్లేదు.

లేచి కూర్చునేసరికి చుట్టూ జనం. "రక్తం! రక్తం! 108కి కొట్టండి!" అంటున్నారు. వీపు తడుముకుంటే వెచ్చగా, జిగటగా తగిలింది. చెయ్యి చూసుకుంటే ఎరుపు. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు బొండాల బండి ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, వంగి వాసన చూసి, "రక్తమేంటయ్యా మీ మొహాలు, ఆవకాయ!" అంది. ఆ కారం దోక్కుపోయిన మోచేతిలోకి దిగింది. నేను పెట్టిన కేకల్లో దెబ్బకి పెట్టినవి తక్కువ.

కారు నడిపిన కుర్రాడికి పాతికేళ్ళుండవు. పక్క సీట్లో వాళ్ళమ్మ. అందరూ వాడి మీద పడ్డారు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు అనేది మన రోడ్డు ధర్మం. చట్టం కూడా అలాంటి మాటే అంటుంది. ముందు బండి హఠాత్తుగా ఆగినా గుద్దకుండా ఉండేంత ఎడం పాటించాలని నిబంధనల్లోనే ఉంది. వాడు మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు: "అంకుల్, మీ లైటు వెలగలేదంకుల్." ఎవరూ వినలేదు. అందరికంటే గట్టిగా అరిచి వాడి నోరు మూయించింది నేనే.

పాపం, వాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర వెంట్రుకంత చీలిక. పిండికట్టు వేశారు. ఆ ఖర్చు వాడే కట్టి, బండి రిపేరుకని 6,000 ఫోనులో కొట్టాడు. స్టేషను దాకా పోలేదు. మెడ నొప్పి మాత్రం మర్నాడు పొద్దున మొదలైంది. ఆ రాత్రి నాకేం కాలేదని అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను!

వారం తర్వాత మెకానిక్కు షాపు నుంచి పిలుపు. నా బండికి బ్రేకు లైటు వెలిగించే స్విచ్చులు రెండు, చేతి బ్రేకుకి ఒకటి, కాలి బ్రేకుకి ఒకటి. కాలి బ్రేకు స్విచ్చికీ పెడలుకీ మధ్య చిన్న స్ప్రింగు ఉంటుంది. అది తెగి ఉంది. "గుద్దినప్పుడు తెగిందేమో" అన్నాను, ఆశగా. అతను మాట్లాడకుండా తెగిన కొసని గోటితో గీకి చూపించాడు. తుప్పు. ఎన్నాళ్ళ క్రితమో తెగింది.

చేతి బ్రేకు పడితే లైటు భేషుగ్గా వెలుగుతోంది. కానీ నేను చేతి బ్రేకు పట్టను. బండి నేర్పినప్పుడు మా నాన్న "ముందు బ్రేకు ముట్టుకున్నావా, పల్టీ కొడతావు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా కాలితోనే ఆపుతున్నాను. నిజానికి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికే వస్తుంది, బండిని ఆపేది ప్రధానంగా ఆ బ్రేకే. అది తెలిసినా నా వేళ్ళు కదలవు. అంటే ఎన్ని నెలలుగానో నేను వెనకవాడికి చెప్పకుండానే ఆగుతున్నానన్నమాట. నలభై స్పీడులో వచ్చే కారు సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. ఎర్ర లైటు లేకపోతే, నేను ఆగానని ఆ కుర్రాడికి తెలియడానికి ఎన్ని మీటర్లు ఖర్చయి ఉంటాయో లెక్క వేసుకున్నాను, మంచం మీద పడుకుని, రెండు మూడు రాత్రులు.

నా వృత్తి ప్రూఫులు దిద్దడం. ఇంతకంటే ఏం చెప్పను.

కొత్త స్ప్రింగు వేయించాను. హెల్మెట్టు పైకి గీతే కనబడుతున్నా లోపలి థర్మోకోలు ఒకసారి నొక్కుకుపోతే మళ్ళీ పనికిరాదన్నాడు మెకానిక్కు, అదీ మార్చాను. ఇప్పుడు పొద్దున్నే బండిని గోడకి వీపు పెట్టి నిలబెట్టి, కాలితో ఒకసారి, చేత్తో ఒకసారి నొక్కి గోడ మీద ఎరుపు పడిందో లేదో చూస్తున్నాను. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, "ఏవండీ, గోడకి సైగలు అయ్యాయా, టిఫిను చల్లారుతోంది" అంటుంది.

మొన్న ఆ కుర్రాడికి ఫోను చేశాను. ఎత్తలేదు. ఇంకా డబ్బులడుగుతానని భయపడ్డాడేమో. మూడు వేలు తిరిగి పంపి, "బాబూ, నువ్వన్నది నిజమే, లైటు వెలగలేదు" అని మెసేజి పెట్టాను. రాత్రి పదింటికి జవాబొచ్చింది.

"పర్లేదంకుల్. చెయ్యి ఎలా ఉంది? మా కారులో ఏసీ వేస్తే ఇప్పటికీ ఆవకాయ వాసనే వస్తోంది. అమ్మ అన్నం తినబుద్ధేస్తోందంటోంది."