ఆల్చిప్పల రాయి: అక్టోబరు నుంచి మే దాకా నా లెక్క

నా నోట్‌బుక్‌లో నవంబరు పేజీ మీద ఒక వాక్యం ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంటుంది. "రాయి అడుగు భాగం ఖాళీ" అని రాసుకున్నాను. ఖాళీ కాదు, నేను చూడలేదంతే. ఆ సంగతి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

రాయి ఉన్నది విశాఖలో, కైలాసగిరి కింద, తెన్నేటి పార్కుకీ జోడుగుళ్లపాలేనికీ మధ్య. తుప్పు రంగు ఖోండలైటు బండ. ఎత్తు నా ఛాతీ దాకా వస్తుంది, ఒక పక్క నిట్టనిలువుగా ఉంటుంది. అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు నా ఉద్దేశం గవ్వలు ఏరుకుని డబ్బాలో పెట్టుకోవడమే. రెండు వారాల్లో డబ్బా నిండింది గానీ ఏది ఎక్కడ దొరికిందో ఒక్కటీ గుర్తులేదు. అందుకని ఏరడం తగ్గించి ఒకే రాయిని పట్టుకున్నాను. నెలకి నాలుగైదు సార్లు దాని దగ్గరికే వెళ్తాను.

ఆటు ఎప్పుడు

విశాఖలో ఆటుపోట్ల తేడా పెద్దదేమీ కాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా ఒకటిన్నర మీటరు లోపే. అష్టమి, నవమి రోజుల్లో అర మీటరు ఉంటుందేమో, అప్పుడు వెళ్లడం పెట్రోలు దండగ. మిగతా చోట్ల వాళ్లు తెల్లవారుజామున చల్లగా వెళ్లొచ్చామని రాస్తుంటే నాకు అసూయ. మా తీరంలో నీళ్లు బాగా వెనక్కి తీసే రోజుల్లో ఆటు మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటలకి వస్తుంది. రెండోది అర్ధరాత్రి దాటాక అదే వేళకి. అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజుల దాకా నీళ్లు బాగా వెనక్కి పోతాయి, రోజుకి ముప్పావు గంట చొప్పున వేళ జరుగుతుంది. క్యాలెండరులో తిథి చూసుకుని శని ఆదివారాలు కలిసొస్తాయా లేదా అని లెక్కవేసుకోవడం అలవాటైపోయింది. కచ్చితమైన వేళలకి ఇన్‌కాయిస్ సైటు చూస్తాను. సముద్రం సంగతులు చెప్పే ఆఫీసు సముద్రం లేని హైదరాబాదులో ఉండటం నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడే వస్తాయి. హెచ్చరిక ఉన్న రోజు వెళ్లను.

ఇవన్నీ చూసుకున్నాక కూడా తప్పు చేశాను. ఆటు వేళలు చూశాను గానీ, సముద్రం మొత్తమే సంవత్సరంలో పైకీ కిందకీ జరుగుతుందని నాకు తెలియదు. వానాకాలం వరదనీరు కలిసి బంగాళాఖాతం ఒడ్డు నీరు తేలికపడుతుంది, తీరం వెంట ప్రవాహాల దిశ మారుతుంది. దాంతో అక్టోబరు, నవంబరుల్లో మా ఒడ్డున సగటు మట్టమే ఎక్కువ. మార్చి వచ్చేసరికి అన్నిటికంటే తక్కువ. అంటే నవంబరులో నాకు కనబడిన 'పూర్తి ఆటు' మార్చిలో సగం ఆటుతో సమానం. రాయి అడుగు అప్పుడు నీళ్లలోనే ఉంది.

డిసెంబరు: చట్రం

ఇనుప తీగ వంచి పాతిక సెంటీమీటర్ల చదరం చేశాను. రాయి మీద నడుము ఎత్తులో, ఒక పగులు పక్కన, ప్రతిసారీ అదే చోట ఆనించి లోపల ఉన్నవన్నీ లెక్కపెడతాను. మొదటి లెక్క: బతికున్న రాతి ఆల్చిప్పలు 41, ఖాళీ దొప్పలు 17.

ఖాళీ దొప్ప అంటే ఏమిటో చెప్పాలి. రాతి ఆల్చిప్పకి రెండు చిప్పలు ఉంటాయి గదా. ఎడమది గిన్నెలా లోతుగా ఉండి రాయికి సిమెంటు చేసినట్టు అతుక్కుంటుంది. కుడిది పైన మూత. చచ్చిపోయాక మూత ఊడి కొట్టుకుపోతుంది, గిన్నె మాత్రం ఏళ్ల తరబడి రాయి మీదే ఉండిపోతుంది. అంచు చూస్తే అప్పడాన్ని మడతలు పెట్టినట్టు వంకరటింకరగా ఉంటుంది, రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. లెన్సు పెట్టి చూస్తే లోపలి అంచు పొడవునా చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. ఒక చిప్పలో బొడిపె ఉన్నచోట రెండో చిప్పలో గుంట ఉంటుంది. ఇది రాతి ఆల్చిప్పే అని నేను నమ్మకంగా చెప్పగలిగేది ఆ బొడిపెలు చూశాకే.

బతికున్నదా కాదా తేల్చుకోవడం తేలిక. మూతకీ గిన్నెకీ మధ్య సన్నటి సందు ఉంటే పెన్సిలు నీడ పడనివ్వండి చాలు. బతికుంటే సందు మూసుకుంటుంది.

పది ఆల్చిప్పలకి నెయిల్ పాలిష్‌తో నంబర్లు వేశాను. టూత్ బ్రష్‌తో నాచు తోమి, గుడ్డతో తుడిచి, ఎండలో రెండు నిమిషాలు ఆరనివ్వాలి. మధ్యాహ్నం ఆటు వల్ల జరిగిన మేలు ఇదొక్కటే. ఎరుపు రెండు నెలల్లో వెలిసిపోయింది, తెలుపు ఇంకా ఉంది. పొడవు కొలవడానికి ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్స్ వాడతాను. స్టీలువి ఉప్పునీళ్లకి నెలలో పట్టేశాయి.

కాళ్లకి పాత కాన్వాసు బూట్లు, చేతికి తోటపని గ్లవ్స్ తప్పనిసరి. మొదటి వారంలో చెప్పులతో వెళ్లి జారి, అరచేయి ఆల్చిప్ప అంచు మీద ఆనించాను. బ్లేడుతో కోసినట్టు తెగింది. ఇంటికొచ్చాక కడుగుదాంలే అనుకోవడం రెండో తప్పు. మూడోరోజుకి చెయ్యి వాచి, టీటీ ఇంజెక్షను, యాంటీబయాటిక్స్ దాకా వెళ్లింది. ఇప్పుడు సంచిలో మంచినీళ్ల సీసా ఒకటి తాగడానికి, ఒకటి కడుక్కోవడానికి. సముద్రానికి వీపు పెట్టి కూర్చోకండి. ఒంటరిగా వెళ్లకండి. ఈ రెండూ మాత్రం నేను ఒడ్డు మీద తప్పు చేయకుండానే నేర్చుకున్నాను.

ముత్యం సంగతి

చట్రం పెట్టుకుని కూర్చుంటే దారిన పోయే ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. ఒకరోజు గంపతో వెళ్తున్న ఒక పెద్దామె ఆగి, "ఏటి బాబూ, గంట నుంచీ ఆ రాయికాడే కూకున్నావు, ఏటైనా పారేసుకున్నావేటి?" అంది. ఆల్చిప్పలు లెక్కపెడుతున్నాను పెద్దమ్మా అన్నాను. "దానిల ముత్తేలుండవు బాబూ, చెయ్యి కోసుకుంతావు" అని నవ్వి వెళ్లిపోయింది. అప్పటికే కోసుకున్నానని చెప్పలేదు.

ఆమె చెప్పింది నిజమే. స్వాతి కార్తెలో పడిన చినుకు ఆల్చిప్పలో ముత్యమవుతుందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం గానీ, మెరిసే ముత్యాన్నిచ్చేది వేరే కుటుంబం, పింక్టాడా జాతి. మన్నార్ సింధుశాఖ దానికి పేరు. మన దేశంలో 1973లో తూత్తుకుడి దగ్గర మొదటిసారి కృత్రిమంగా ముత్యాన్ని పెంచింది కూడా దాంట్లోనే. రాతి ఆల్చిప్ప లోపలి గోడకి ఆ మెరుపు ఉండదు, పింగాణీలా తెల్లగా ఉంటుంది. అదంతా సున్నమే. గుల్ల సున్నం అన్న మాట ఊరికే రాలేదు.

తినొచ్చా అనేది రెండో ప్రశ్న. ఆల్చిప్ప గంటకి లీటర్ల కొద్దీ నీళ్లు వడగట్టి అందులోది తింటుంది. దగ్గర్లోనే నగరం మురుగు కలుస్తున్నచోట అది వడగట్టి దాచుకునేవేమిటో ఊహించుకోండి. నేనైతే తినను.

ఫిబ్రవరి: ఏడో నంబరు

ఈ ఎనిమిది నెలల్లో నేను మరచిపోలేనిది ఇదే. అమావాస్య మర్నాడు, రెండు నలభైకి ఆటు. ఏడో నంబరు ఆల్చిప్ప మూత మీద ఒక నత్త కూర్చుని ఉంది. బూడిద రంగు, గరుకు గవ్వ, పొడవు 25 మిల్లీమీటర్లు. థాయిస్ అని పిలిచే రకం, ఆల్చిప్పలకి పక్కలో బల్లెం. గంటన్నర చూశాను, కదల్లేదు. మర్నాడు మూడు ఇరవైకి వెళ్లాను, అక్కడే ఉంది. ఎత్తి చూద్దామని వేలు దాకా వచ్చింది గానీ ఆపుకున్నాను. మూడోరోజు నాలుగు గంటలకి నత్త లేదు. ఏడో నంబరు మూత తెరుచుకుని ఉంది, లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు. మూత మీద మిల్లీమీటరు వెడల్పున గుండ్రటి చిల్లు, డ్రిల్లు మిషనుతో వేసినంత నీటుగా.

ఈ నత్తలు రెండు పనులు మార్చి మార్చి చేస్తాయి. పాదంలో ఉన్న ఒక అవయవంతో ఆమ్లం పూసి సున్నాన్ని మెత్తబరుస్తాయి, తర్వాత ఆకురాయి లాంటి నాలుకతో గీకుతాయి. మళ్లీ పూత, మళ్లీ గీకుడు. రోజుల తరబడి పడుతుంది. ఇసుకలో దొరికే చిన్న చిప్పల మీద కూడా ఇలాంటి చిల్లులుంటాయి, కానీ వాటిలో చాలావాటికి అంచు ఏటవాలుగా, మేకు తల కూర్చోడానికి చెక్కినట్టు ఉంటుంది. అది చంద్రనత్త పని. నిలువుగా దిగిన చిల్లయితే థాయిస్ కుటుంబం. చిల్లు చూసి హంతకుణ్ణి చెప్పొచ్చన్నమాట.

ఇంట్లో జరిగిన నష్టం

ఆమ్లం మాట వచ్చింది కాబట్టి. ఒడ్డున దొరికిన ఖాళీ టర్బో గవ్వ ఒకటి, ఆకుపచ్చ మీద గోధుమరంగు చారలతో భలే ఉండేది, వంటింటి గట్టు మీద పెట్టాను. మా అమ్మ అది మకిలిగా ఉందని చింతపండు వేసి ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. తళతళలాడుతుందనుకుంది పాపం. చారలు పోయి సుద్దముక్కలా తేలింది. చింతపండు, నిమ్మకాయ, వెనిగరు ఏదైనా సరే, సున్నాన్ని తినేస్తుంది. రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి బ్రష్‌తో తోమడమే మంచిది. నాచు మొండిగా ఉంటే బాగా నీళ్లు కలిపిన బ్లీచ్‌లో కాసేపు, అంతే.

మిగిలిన గవ్వల్ని జాగ్రత్తగా ప్లైవుడ్ సొరుగులో పెట్టాను. మూడు నెలలకి వాటి మీద తెల్లటి పొడి. బూజనుకుని తుడిస్తే మెరుపు కూడా పొడితో పాటే వచ్చేసింది. చెక్క, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్ల ఆవిర్లు, విశాఖ తేమ కలిసి చేసే పని అది. గవ్వలు దాచేవాళ్లు దీన్ని బైన్ జబ్బు అంటారు. ఇప్పుడు ఒక్కోటీ జిప్‌లాక్ కవర్లో, లోపల పెన్సిలుతో రాసిన చీటీ: చోటు, తేదీ, ఆటు వేళ, ఎక్కడ పడి ఉంది. చీటీ లేని అక్టోబరు డబ్బాని మా అక్క కూతురికి ఇచ్చేశాను.

తెచ్చేవి ఖాళీవే. ఖాళీగా కనిపించినా పది నిమిషాలు మడుగు నీళ్లలో ఉంచి చూస్తాను, సన్యాసి పీత ఉంటే నడక మొదలుపెడుతుంది. శంకువు ఆకారంలో ఉండే కోను నత్త బతికి ఉంటే అసలు ముట్టుకోను, దాని ముల్లు విషం. ఇక రాక్షస ఆల్చిప్ప ట్రైడాక్నా, నాటిలస్, కొమ్ముల హెల్మెట్ శంఖం లాంటివి 1972 వన్యప్రాణి చట్టం జాబితాలో ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద అమ్మకానికి కనిపించాయి కదా అని కొనేయకండి.

మార్చి, ఏప్రిల్

మార్చి పున్నమికి రాయి అడుగు బయటపడింది. నవంబరులో 'ఖాళీ' అని రాసినచోట పచ్చ అంచు నల్ల చిప్పలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గ్రీన్ మసెల్స్. ఇవి ఆల్చిప్పలా సిమెంటు పోసుకోవు, గోధుమ రంగు దారాలతో రాయికి తమని కట్టేసుకుంటాయి. వాటి సందుల్లో ఎనిమిది పలకల వీపుతో కైటాన్ అనే జీవి ఒకటి, ఇంకా కింద నారింజ రంగు స్పాంజి. ఎర్ర ఇంకు తీసింది ఆ సాయంత్రమే.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది, బోట్లన్నీ ఒడ్డుకెక్కాయి. బాగుచేసుకుంటున్న ఒకాయన పుచ్చిన పలక ముక్క ఇచ్చాడు. విరిస్తే లోపల పెన్సిలు మందాన సొరంగాలు, వాటికి సన్నటి సున్నపు పూత. తొలిచింది పురుగు కాదు, షిప్‌వార్మ్. పేరులో వార్మ్ ఉన్నా ఆల్చిప్పకి చుట్టమే. తలదగ్గర మిగిలిన రెండు చిట్టి చిప్పలతో కర్రని గీకుతుంది. వీటి మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం లాంటివాళ్లు 1950ల్లోనే విశాఖ హార్బరులో పనిచేశారు. ఆ ముక్క ఇంట్లో పెట్టాను, వాసనకి ఇప్పుడు మేడ మీద ఉంది.

మే లెక్క

చట్రంలో పాతవి 41లో 36 మిగిలాయి. పోయిన అయిదింట్లో రెండింటికి చిల్లులున్నాయి, మూడింటికి కారణం తెలియదు. నంబరు వేసిన పదిలో తొమ్మిది ఉన్నాయి. చిన్నది 14 మిల్లీమీటర్ల నుంచి 19కి పెరిగింది. పెద్దది డిసెంబరులో 38, ఇప్పుడు 37. అలకి అంచు విరిగినట్టుంది, లేదా నా చెయ్యి వణికింది.

ఏడో నంబరు మూత కొట్టుకుపోయింది, గిన్నె అక్కడే ఉంది. దాని లోపల మూడు పిల్ల ఆల్చిప్పలు అతుక్కున్నాయి. పెద్దది పెసర బద్దంత. నంబరు వేద్దామంటే బ్రష్ చుక్క ఆనడానికి కూడా వాటి మీద చోటు చాలదు.