కళింగపట్నం ఒడ్డున రెండు సోమవారాలు

కార్తీక మాసం వస్తే మా శ్రీకాకుళం వాళ్లం చాలామందిమి వనభోజనాలకి కళింగపట్నం తీరానికే వెళ్తాం. మొన్నామధ్య ఒక ఆదివారం వెళ్లొచ్చి ఫోన్లో ఫొటోలు చూసుకుంటుంటే, ప్రతి దాంట్లోనూ మా వెనకాల పేపర్ ప్లేట్లు, వాటర్ ప్యాకెట్లే. నిజంగా సిగ్గేసింది. వంశధార సముద్రంలో కలిసే చోటు అది, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, నది వెంబడి కాస్త పైకి వెళ్తే శాలిహుండం బౌద్ధ స్తూపాలు. అక్కడా మనం ఎంగిలి విస్తళ్లు వదిలేసి వచ్చింది!

మర్నాడు తెల్లవారుజామునే ఎనిమిది మందిమి గోనె సంచులు పట్టుకుని వెళ్లాం. కార్తీక సోమవారం కదా, ఇద్దరు ఉపవాసంతోనే వచ్చారు. రెండు గంటల్లో పద్నాలుగు సంచులు నింపి, మూతులు కట్టి, రోడ్డు పక్కన పెట్టి ఇంటికొచ్చేశాం. ఎవరో ఒకరు తీసుకెళ్తారులే అనుకున్నాం, ఎవరికీ చెప్పలేదు, తప్పు మాదే. మూడు రోజుల తర్వాత చూస్తే కుక్కలు సంచులు చింపేశాయి, గాలికి చెత్తంతా మళ్లీ ఇసకలోకే చేరింది. ఏడుపొచ్చినంత పనైంది.

రెండో సోమవారం మాత్రం, ముందుగా గ్రామ సచివాలయానికి వెళ్లి ట్రాక్టర్ మాట్లాడుకున్నాకే సంచి పట్టాం. గాజు సీసాలు, ప్లాస్టిక్ బాటిళ్లు విడిగా వేస్తే పాత సామాన్ల బండి అతను తీసుకున్నాడు, గుట్కా ప్యాకెట్లు, కూర అంటిన ప్లేట్లు మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అవి ట్రాక్టర్‌కే. ఇంకొకటి, తడి ఇసక దులపకుండా వేస్తే సంచి లేవదు, సగం వరకే నింపండి.

అన్నిటికన్నా కష్టం ఇసకలో కూరుకుపోయిన నైలాన్ వలలు. నలుగురం లాగుతుంటే ఒక మత్స్యకారుడు, పెద్దాయన, వచ్చి "ఏటి బాబూ, అలా లాగితే తెగుతాది గానీ రాదు, చుట్టూ తవ్వండి" అని పార తెచ్చిచ్చాడు. ఆ ఒక్క వలకే గంట పట్టింది. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, ఇలాంటి వలల్లో కాళ్లు చిక్కుకుంటే అవి కదల్లేవు.

మొగ వైపు, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇలాంటి వలలు ఇంకా చాలా ఉన్నాయట. డిసెంబరులో ఒక సోమవారం, సముద్రం పాటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు రమ్మన్నాడు తాత. కత్తులు కూడా తెచ్చుకోమన్నాడు.