ముందు పడటం నేర్పుతారట

థప్! జూడో క్లాసులో మా మేనకోడలు మ్యాట్ మీద వెల్లకిలా పడింది. నేను లేవబోతుంటే పక్కనున్నావిడ "కూర్చోండి, ఏం కాదులెండి" అంది.

నిజంగానే ఏం కాలేదు. పడుతూనే గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో మ్యాట్‌ని గట్టిగా చరిచింది. తలకి దెబ్బ తగలకుండా అదీ కిటుకు. లేచి, బెల్టు సర్దుకుని, తనని పడేసిన పిల్లకే వంగి నమస్కారం పెట్టింది.

క్యారమ్స్‌లో ఓడితే బోర్డు తిరగేసే పిల్ల ఇది!

1882లో జిగొరో కానో టోక్యోలో మొదలుపెట్టిన జూడోలో, పడేయడం కంటే ముందు పడటమే నేర్పుతారట. ర్యాంకుల పిచ్చి ఉన్న మన గుంటూరులో ఇదో వింత చదువే.

తర్వాత అరండల్‌పేటలో బజ్జీలు తింటూ "కోపం రాలేదా?" అనడిగా.

"వచ్చింది మామయ్యా. కానీ రేపు కూడా నా పార్ట్‌నర్ తనే కదా!"